ముక్కూ మొహం తెలియనివాళ్లు సైన్సు ప్రశ్న అడిగితే జవాబు ఎలా చెప్పాలి

రాయగడ, గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది బడిలో ఒడియా చదువుకున్నారు. కొన్న వస్తువు పెట్టె మీద మాత్రం ఇంగ్లీషే ఉంటుంది. ఇన్వర్టర్ మొరాయించినా, బోరునీళ్లు ఎర్రగా వచ్చినా, ఫోన్‌కి భయపెట్టే మెసేజ్ ఏదైనా వచ్చినా తమ మాటలో అడగడానికి మనిషి దొరకడు. అందుకే ఊరి గ్రూపుల్లో, గుడి కమిటీ గ్రూపుల్లో, చివరికి నౌపడా–గుణుపురం రైలు టైములు చెప్పుకునే గ్రూపుల్లో కూడా ఇలాంటి ప్రశ్నలు వచ్చి పడుతుంటాయి. అడిగేది ఎవరో మనకు తెలియదు, చెప్పేది ఎవరో వాళ్లకు తెలియదు.

హైస్కూల్లో సైన్సు చెప్పే పని నాది. మీరు డిగ్రీ చదివి ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్ అయి ఉండొచ్చు, కాలేజీలో చేరిన పిల్లలైనా కావచ్చు. కాస్త తెలిసినవాళ్లు రోజుకి పావుగంట కేటాయిస్తే ఈ ప్రాంతంలో ఎంతోమందికి డబ్బు మిగులుతుంది, టెన్షన్ తగ్గుతుంది, ఒక్కోసారి ప్రాణమే నిలుస్తుంది. అడిగినవాళ్లు మన మాటను గుడ్డిగా నమ్మాల్సిన అవసరం రాకుండా, వాళ్లింట్లోనే వాళ్ల చేతులతో తేల్చుకోగలగాలి. అలాంటి జవాబునే నేను మంచి జవాబంటాను. కింద రాసిన పద్ధతి అంతా దాని కోసమే.

ముందు తొందర ఉందా చూడండి

ప్రశ్న చదవగానే జవాబు గురించి ఆలోచించొద్దు. ఇందులో ప్రాణమో డబ్బో పోయే ప్రమాదం ఉందా అని చూడండి. ఉంటే చేయాల్సిన పని రెండు ముక్కల్లో, ఫోన్ చేయాల్సిన నంబరు పక్కనే పెట్టి పంపండి. కారణాలు తర్వాత తీరిగ్గా చెప్పొచ్చు.

గ్యాస్ వాసన వస్తోందని ఎవరైనా పెడితే ఇలా రాయండి: "ఏ స్విచ్చూ వేయొద్దు, వెలుగుతున్న లైటు కూడా ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి అందరూ బయటికి రండి. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి." వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, నేలబారునే పరుచుకుంటుంది, స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఈ సంగతి వాళ్లు బయటపడ్డాక చెప్పండి.

పాము ఫోటో పెట్టి "ఇది ఏ పాము? ఇప్పుడే కరిచింది" అని అడిగితే పేరు చెప్పే పోటీలో దిగకండి. కరిచినచోట కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, కాలో చెయ్యో కదల్చకుండా ఉంచి 108కి ఫోన్ చేయమనండి. బండి రావడం ఆలస్యమైతే ఉన్న బండి మీదే పెద్దాసుపత్రికి బయల్దేరమనండి. మన ఆసుపత్రుల్లో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. అందువల్ల పేరు తేలేదాకా ఆగాల్సిన పనిలేదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. "ఏమీ కాలేదు, నీళ్లపామేలే" అని గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట కింద వెంటనే "ఆసుపత్రికి వెళ్లండి" అని మళ్లీ రాయండి. మొహమాటపడొద్దు.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందంటే 1930కి ఫోన్ చేయించండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పాకిపోతుంది. కాబట్టి "ఎలా పోయింది, ఎవరు చేశారు" అని కథ అడగకుండా ముందు ఫోన్ చేయించండి.

ఎదురు ప్రశ్న వేయండి

తొందర లేదని తేలాక కూడా వెంటనే జవాబు చెప్పకండి. ముక్కూ మొహం తెలియని మనిషి అడిగే ప్రశ్నలో సగం విషయమే ఉంటుంది. మిగతా సగం వాళ్లింట్లో, వాళ్ల కళ్ల ముందు ఉంది. దాన్ని బయటికి తీయాలి.

ఇన్వర్టర్ ప్రశ్నే తీసుకోండి. మా వైపు వేసవిలో గాలివాన మొదలైన దగ్గర్నుంచి ఇదే ఎక్కువ.

"మాస్టారూ, ఇన్వర్టర్ పాడైపోయింది. బ్యాటరీ మార్చాలంటున్నారు. పదహారు వేలట. మార్చాలా?"

అవుననకండి, కాదనకండి. ఇలా అడగండి: "బాబూ, పాడైందంటే ఏం చేస్తోంది? కరెంటు పోయినప్పుడు ఎంతసేపు వస్తోంది? కరెంటు ఉన్నప్పుడు ఏ లైటు వెలుగుతోంది? బ్యాటరీ మీద స్టిక్కరు ఫోటో పెట్టగలవా?"

జవాబు ఇలా రావచ్చు: "కరెంటు ఉన్నా బ్యాటరీ మీదే నడుస్తోందండి. కాసేపటికి కుయ్యిమని ఆగిపోతోంది."

ఇప్పుడు దారి దొరికింది. లైను చివర ఉండే పల్లెల్లో సాయంత్రం వోల్టేజి బాగా పడిపోతుంది. 230 ఉండాల్సింది 170, 160కి దిగుతుంది. ఇళ్లలో వాడే చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు ఒక చిన్న మీట ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అనీ, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంటే వోల్టేజి సుమారు 180 కంటే తగ్గగానే కరెంటు లేనట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదికి మారిపోతుంది. పైగా ఆ సమయంలో బ్యాటరీ చార్జ్ కూడా అవ్వదు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఆ మీటను రెండోవైపు పెట్టి రెండు రోజులు చూడమనండి. దీనికి పైసా ఖర్చు లేదు. పదహారు వేల మాట ఆ తర్వాత ఆలోచించొచ్చు.

అదే మనిషి "కరెంటు పోగానే ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది" అన్నాడనుకోండి, దారి వేరు. అప్పుడు లెక్క చేయించండి. మీరే చేసి అంకె పంపొద్దు, వాళ్లతోనే చేయించండి. స్టిక్కరు మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. ఇన్వర్టర్ లోపల వేడిగా పోయేది తీసేస్తే చేతికొచ్చేది సుమారు 1400. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు వేస్తే 186 వాట్లు. 1400ని 186తో భాగిస్తే ఏడున్నర గంటలు. అది కొత్త బ్యాటరీ లెక్క. కొన్నేళ్లు వాడినది నాలుగైదు గంటలిస్తే బాగానే ఉన్నట్టు. ఇరవై నిమిషాలంటే ఎక్కడో తేడా ఉంది.

ఇక చూడాల్సినవి వరసగా చెప్పండి. నీళ్ల మట్టం చూపించే బిరడాలు దిగిపోయాయా? దిగితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బోరునీళ్లు పోస్తే అందులోని లవణాలు లోపలి పలకల్ని పాడుచేస్తాయి. యాసిడ్ అసలు పోయకూడదు. తీగలు బిగించినచోట తెల్లని, పచ్చని పొడి పేరుకుందా? ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు తీసి, తీగలు విప్పి తుడిచి మళ్లీ గట్టిగా బిగించాలి. ఎవరైనా హీటరో, మిక్సీయో అదే లైనుకి కలిపారా? ఇవన్నీ సరిగ్గా ఉండి, బ్యాటరీ కొని నాలుగైదేళ్లు దాటితే అప్పుడు మార్చమనడం న్యాయం. బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుందనీ, అగరుబత్తి, దీపం దాని దగ్గర పెట్టొద్దనీ కూడా ఒక ముక్క జోడించండి. దేవుడి గూటి కింద ఇన్వర్టర్ పెట్టిన ఇళ్లు మా వైపు తక్కువేమీ కాదు.

ఒక్క ప్రశ్నకు ఇంత ఓపికా అనిపించొచ్చు. నాకైతే ఇదే అసలు పని. ఒకసారి లెక్క తన చేత్తో వేసుకున్న మనిషి మళ్లీ ఎప్పుడైనా కొత్త బ్యాటరీ కొనేటప్పుడు షాపువాడిని అడగాల్సింది అడుగుతాడు.

ఆకర్షించే కారణానికి పడిపోకండి

సైన్సు చదివినవాళ్లకు ఒక బలహీనత ఉంటుంది. ప్రశ్న వినగానే పాఠంలో బాగా నచ్చిన సూత్రం గుర్తొస్తుంది, అదే జవాబని రాసేస్తాం.

బరంపురం నుంచి కోరాపుట్‌కి బదిలీ మీద వెళ్లిన ఇల్లాలు "కందిపప్పు ఎంతసేపటికీ ఉడకడం లేదు, ఎందుకు?" అని అడిగిందనుకోండి. నోటికి వచ్చే జవాబు ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఇంచుమించు ప్రతి 300 మీటర్లకు నీళ్లు ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతాయి. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద నీళ్లు మరిగేది 95 డిగ్రీల దగ్గరే. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 97. మాట నిజమే. కానీ ఆమె వండేది కుక్కర్లో. కుక్కర్ లోపల తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. దానికే పప్పు గంటసేపు రాయిలా ఉండదు.

మిగిలిన అనుమానాలు రెండు. పప్పు పాతదై ఉండాలి, లేదా నీళ్లు కఠినమైనవై ఉండాలి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు మెత్తబడదు. ఏదో ఎలా తేలుస్తారు? గుప్పెడు అదే పప్పు, పట్టి పెట్టిన వాననీళ్లలోనో, దుకాణంలో కొన్న సీసా నీళ్లలోనో వండి చూడమనండి. ఉడికితే తప్పు నీళ్లది. ఉడకకపోతే పప్పుదే. నీళ్లదైతే రాత్రి నానబెట్టడం, చిటికెడు వంటసోడా వేయడం సాయం చేస్తాయి. ఒక్క పూటలో ఆమె తనంతట తానే తేల్చుకుంటుంది. మహేంద్రగిరి ముచ్చట ఆ తర్వాత పిల్లలకు చెప్పుకోవచ్చు, వాళ్లకు తప్పకుండా నచ్చుతుంది.

నీళ్ల ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి

నీళ్ల గురించి అడిగేవాళ్లను త్వరగా పంపేయకండి. ఇక్కడ జనాన్ని భయపెట్టి అమ్మేవాళ్లు ఎక్కువ.

ఫిల్టరు అమ్మేవాళ్లు ఇంటికొచ్చి రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మీ బోరునీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఫిల్టరు నీళ్లు. రెండు జతల కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు ఇస్తారు. నిమిషం తిరక్కుండా బోరునీళ్లు గోధుమరంగుకు తిరిగి, మడ్డి తేలి, చూడ్డానికి అసహ్యంగా తయారవుతాయి. ఫిల్టరు నీళ్లు తేటగానే ఉంటాయి. "ఇన్నాళ్లూ మీ పిల్లలకు ఇదే తాగించారమ్మా" అంటారు. ఆ వీడియో తీసి గ్రూపులో పెట్టి "నిజమేనా?" అని అడుగుతారు.

ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీది. ఇనుప కడ్డీ కరెంటుకు కరిగి ఆ తుక్కు తేలుతుంది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది. ఫిల్టరు నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు పారదు, రంగు రాదు. ఇదంతా చెప్తే సగంమంది నమ్ముతారు. అందరూ నమ్మేలా చేయాలంటే ఈ మాట చెప్పండి: "ఈసారి వాళ్లొచ్చినప్పుడు వాళ్ల ఫిల్టరు నీళ్ల గ్లాసులో మీ వంటింటి ఉప్పు చిటికెడు వేసి, మళ్లీ ముంచి చూపించమనండి." అంత శుభ్రమైన నీళ్లూ మడ్డిగా మారిపోతాయి. మన ఉప్పు విషం కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇక వేరే వాదన అక్కర్లేదు. ఇంటి కరెంటుతో సొంతంగా ఈ పరీక్ష చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

తర్వాత టీడీఎస్ మీటరు. పెన్నులాంటి ఆ పరికరం కొనుక్కుని "మా నీళ్లు 150 చూపిస్తోంది, తాగొచ్చా?" అంటారు. ఆ అంకె చెప్పేది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంత అన్నదే. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. కానీ 150 చూపించిన నీళ్లలో విరేచనాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు, ఫ్లోరైడ్ ఉండొచ్చు. మీటరుకు అవి కనిపించవు. క్రిములైతే బాగా మరిగిస్తే చస్తాయి. ఫ్లోరైడ్ మరిగించినా పోదు. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, మరీ తప్పనిసరైతే 1.5. అది తెలియాలంటే పరీక్ష చేయించాల్సిందే. జల్ జీవన్ మిషన్ కింద చాలా పంచాయతీలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లు ఇచ్చారు, జిల్లాలో నీటి పరీక్షల ల్యాబు ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ఆఫీసులో అడిగితే దారి చెప్తారు. ఈ చిరునామా ఇవ్వడం కూడా జవాబే.

బోరింగు నుంచి తేటగా వచ్చి బకెట్లో కాసేపటికి ఎర్రబడే నీళ్ల సంగతి తేలిక. కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా మారుతుంది. ఆ నీళ్లలో రెండు జామాకులు నలిపి వేసి కాసేపు ఉంచితే నల్లబడతాయి, అదే గుర్తు.

పిడుగు, తుఫాను ఫార్వర్డులు

వానాకాలంలో "ఫోన్ పిడుగుని లాగుతుంది, స్విచ్ ఆఫ్ చేయండి" అన్న మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పంపినవాళ్లను తిట్టకండి. వాళ్లు మంచికే పంపారు. పంపిన మనిషి చిన్నబుచ్చుకుంటే మీరు చెప్పేది గ్రూపులో ఎవరూ వినరు. ఇలా మొదలుపెట్టండి: "అన్నయ్యా, పిడుగుకి జాగ్రత్తపడమన్నది మంచి మాట. ఒక్క సవరణ." చేతిలోని ఫోన్ పిడుగును లాగదు. చార్జింగ్ తీగకు తగిలించి ఉన్న ఫోన్ మాట్లాడటం ప్రమాదం, ఎందుకంటే తీగలెంట కరెంటు వస్తుంది. అసలు ప్రమాదం ఊడ్పుల పొలంలో నిటారుగా నిలబడటం, వానకి తాటిచెట్టు కిందికో చింతచెట్టు కిందికో చేరడం.

వాళ్ల చేతికి ఇవ్వాల్సిన కొలత ఇది. మెరుపు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టమనండి. ఉరుము వినబడ్డాక ఆ అంకెను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు మూడు సెకన్లు. 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ పొలంలోకి దిగొద్దు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారుచేసిన దామిని యాప్ చెప్పండి, చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది.

తుఫాను మెసేజ్‌లకు ఒక్కటే నియమం పెట్టుకోండి. తేదీ, సమయం లేని హెచ్చరికను ఎవరు పంపినా ముందుకు పంపొద్దు. వాతావరణ శాఖ బులెటిన్ మీద అవి తప్పకుండా ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి వీడియోలు ఇప్పటికీ ప్రతి వాయుగుండానికీ కొత్తవిగా తిరుగుతుంటాయి. ఆ తుఫానులో గజపతి జిల్లా కొండల్లో ప్రాణాలు ఎక్కువగా పోయింది విరిగిపడిన కొండచరియల వల్ల, వరదల వల్ల. కాబట్టి కొండవాలు ఊళ్ల నుంచి "గాలి తగ్గిపోయింది కదా, ఇక భయం లేదా?" అని అడిగితే వాన సంగతి చెప్పండి. ఒక రోజులో 204.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని అతి తీవ్రమైన వానగా లెక్కిస్తుంది. ఆ అంకె వాళ్లకు కనబడాలంటే ఇలా రాయండి: ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న డాబా మీద 200 మిల్లీమీటర్లు పడితే ఐదున్నర వేల లీటర్లు, అంటే డాబాల మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఐదింటికి పైమాట. ఒక్క డాబాకే అంత. మొత్తం కొండ మీద పడింది వాగులోకి దిగడానికి ఎంతసేపు పడుతుందో, వంశధార ఒడ్డున ఉన్నవాళ్లకు మనం చెప్పక్కర్లేదు.

వాళ్ల మాటలోనే చెప్పండి

మా ప్రాంతంలో తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, లేదా వాయిస్ పెడతారు. వాయిస్‌లో అడిగినవాళ్లకు వాయిస్‌లోనే చెప్పండి, నిమిషం దాటనివ్వకండి, నంబర్లు మాత్రం విడిగా టైపు చేసి పెట్టండి. ఇంట్లో సవర మాట్లాడి తెలుగు సంతలో నేర్చుకున్నవాళ్లు కూడా అడుగుతారు. వాళ్లకు ఒక వాక్యంలో ఒకే పని చెప్పండి.

గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని పట్టుబట్టిన మనిషి ఆయన, సవర భాష కూడా నేర్చుకున్నారు. ఆ ఊరి చుట్టుపక్కల ఉంటూ మనం "వోల్టేజి" అంటే అర్థమయ్యేవాళ్లకి "విద్యుత్ పీడనము" అని రాయకూడదు. ఫ్యూజు, ఎర్తింగు, చార్జింగు, సిగ్నల్ అన్న మాటలు అలాగే ఉంచండి.

తెలియనిది తెలియదనే చెప్పండి, కానీ అక్కడితో ఆపకండి. "ఇది నాకు తెలియదమ్మా, పంట సంగతి 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్ వాళ్లు చెప్తారు", "కరెంటు లైను సంగతి 1912కి చెప్పండి" అని తరువాతి తలుపు చూపించండి. మందుల మోతాదు, స్తంభం మీది తీగలు, మీటరు పెట్టె లోపలి పని, ఈ మూడింటి గురించి మీకు ఎంత తెలిసినా దూరం నుంచి చెప్పకండి. అవతలివాళ్ల చేయి ఎక్కడుందో మనకు కనబడదు.

మీ వల్ల వాళ్లు మోసపోయే దారి తెరవకండి

ఇది చాలామంది ఆలోచించని సంగతి. గ్రూపులో మంచిగా జవాబులు చెప్పే మనిషి పేరు వాడుకునే మోసగాళ్లుంటారు. అందుకే జవాబు వీలైనంతవరకు అందరూ చూసేచోటే చెప్పండి. తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు, అదే సందేహం ఉన్న మరో నలుగురు చదువుకుంటారు. విడిగా ఫోన్ చేసి మాట్లాడదామని మీ అంతట మీరు అనకండి. ఫోన్ స్క్రీన్ దూరం నుంచి చూసే యాప్‌లు పెట్టుకోమని ఎవరికీ చెప్పకండి, సాయం చేయడానికైనా సరే. అలా చెప్తే, రేపు బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరో అదే అడిగినప్పుడు వాళ్లు మామూలు విషయమే అనుకుంటారు. ఓటీపీ, పిన్, ఆధార్ నంబరు కనబడే ఫోటో ఎవరైనా గ్రూపులో పెడితే ముందు అది తీయించి తర్వాత జవాబు చెప్పండి.

యూపీఐ గురించి ఏది అడిగినా జవాబు చివర ఒక ముక్క జోడించండి: డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నట్టే. పాత ఫ్రిజ్జు అమ్మకానికి పెట్టగానే "క్యూఆర్ పంపిస్తున్నా, స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అనేవాళ్లు వస్తారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే అక్కడే ఆగిపోతారు. ఫోన్ పోయిందన్నవాళ్లకు కేంద్ర టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ పోర్టల్లో బ్లాక్ చేసే వీలుందని చెప్పండి. ఫోన్ పోనివాళ్లతో ఇప్పుడే *#06# కొట్టించి, వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు నంబరు) ఇంట్లో ఒక పుస్తకంలో రాయించండి.

వారం తర్వాత మళ్లీ అడగండి

జవాబు పంపగానే పని అయిపోలేదు. "మీట మార్చారా? ఏమైంది?" అని ఒక వారం పోయాక మీరే అడగండి. చాలామంది పని అయిపోతే చెప్పరు, కాకపోతే మొహమాటపడి చెప్పరు. మీరు చెప్పింది పనిచేయకపోతే అదే గ్రూపులో, అదే జవాబు కింద "ఇది పనిచేయలేదు, కారణం ఇది" అని రాయండి. పాత జవాబు చూసి ఇంకొకరు అదే చేయకుండా ఉంటారు.

పనిచేసిన జవాబులు ఫోన్‌లో ఒకచోట దాచుకోండి. కాలాన్ని బట్టి ప్రశ్నలు తిరిగొస్తాయి. ఎండాకాలం గాలివానలప్పుడు ఇన్వర్టర్లు, బోర్లలో నీళ్లు అడుగంటినప్పుడు రంగు నీళ్లు, జూన్‌లో పిడుగులు, అక్టోబరులో తుఫాన్లు, జీడిపిక్కలు వొలిచే రోజుల్లో పెంకు నూనెకి పొక్కిన చేతులు. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుందనీ, పని మొదలుపెట్టే ముందే చేతులకు ఆముదం పట్టించుకోవాలనీ పిక్కలు కోతకు రాకముందే గ్రూపులో పెట్టేయండి. పొక్కినాక చెప్పడం కంటే అదే మేలు.